నాన్న కూర్చుని చూసిన కారు

మా నాన్నకి కారు నడపడం రాదు. క్లచ్ ఏదో బ్రేకు ఏదో ఇప్పటికీ తెలియదు. జీవితంలో ఆయన నడిపిన బండి సైకిలు ఒక్కటే, అది కూడా వెనక పరుపు కట్టుకుని, ఎక్కిన దూరం కంటే నడిపించుకుంటూ వెళ్ళిన దూరమే ఎక్కువ. అలాంటి మనిషి, నేను పాత కారు కొనబోతున్నానని తెలియగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తను చూడకుండా కొనడానికి వీల్లేదన్నాడు.

నాకు కోపం త్వరగా వస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, బడిలో పిల్లలకి ఇంకా బాగా తెలుసు. "మీరు చూసి ఏం చెప్తారు నాన్నా?" అని అడిగాను. ఆయన నా గొంతులో వేడిని పట్టించుకోకుండా, "సీటు చూస్తా" అన్నాడు.

మేం దూదేకుల వాళ్ళం. మా తాతలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాళ్ళు. నాన్న కాలానికి మిషన్లు వచ్చాయి. గుంటూరులో చిన్న కొట్టు పెట్టుకుని పరుపులు, దిళ్ళు కుట్టేవాడు. ఎవరైనా పాత పరుపు తెచ్చి పడేస్తే, విప్పకముందే దాని మీద అరచెయ్యి పెట్టి అక్కడా ఇక్కడా నొక్కి, ఆ ఇంటి సంగతులు చెప్పేవాడు. పడుకునే మనిషి ఏ పక్కకి తిరిగి పడుకుంటాడో, మంచం మీదే కూర్చుని అన్నం తినే అలవాటు ఎవరికుందో, ఏ మోకాలు నొప్పో, అన్నీ. చాలావరకు నిజమే అయ్యేవి. ఒకసారి ఒకావిడ పరుపు తెస్తే చూసి, మీ ఆయన ఈ మధ్య దీని మీద పడుకోవడం లేదు కదమ్మా అన్నాడట. ఆవిడ పరుపు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తి ఆయన్ని దెప్పుతూనే ఉండేది.

తర్వాత ఫోము పరుపులు వచ్చి కొట్టు మూతపడింది. కొన్నేళ్ళు కార్ల సీట్లు కుట్టే షాపులో పనిచేశాడు. మోకాళ్ళు ఇంక కూర్చోనివ్వడం లేదని అదీ మానేశాడు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. మనిషి పని మానేశాడుగాని చెయ్యి మానలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు సోఫాని నొక్కి చూస్తాడు, తర్వాతే కూర్చుంటాడు.

కారు నాకు సరదా కోసం కాదు. నేను పనిచేసే బడి చిలకలూరిపేట దాటి, హైవే దిగి, ఇంకా తొమ్మిది కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊళ్ళో ఉంది. ఆ ఊరి పొలాలు దాటితే పాత ప్రకాశం జిల్లా. పొద్దున బస్సు పదింటికి వస్తుంది. బడిలో మాత్రం తొమ్మిదిలోపు ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. మొదటి ఏడు గుంటూరు నుంచి వచ్చే ఇద్దరు టీచర్లతో కలిసి వాళ్ళ కారులో వెళ్ళొచ్చాను. ఆ వేసవిలో వాళ్ళిద్దరికీ వేరే ఊళ్ళు పడ్డాయి. ఇక మిగిలింది పేట దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. షేర్ ఆటో నిండితేగాని కదలదు. డ్రైవరుకి నా తొమ్మిది గంటలతో పనేముంది?

మిగిలిన దారి ఒక్కటే, ఆ ఊళ్ళో గది తీసుకుని శనివారం సాయంత్రం ఇంటికి రావడం. ఆ ఏడే మా అమ్మాయి పదో తరగతి. మా ఆయనది మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం, సీజనులో ఆయన ఇంటికొచ్చే వేళ ఆయనకే తెలియదు. గది సంగతి చెబితే మా అమ్మాయి, ఫర్వాలేదు వెళ్ళమ్మా, నేను చదువుకుంటాలే అంది. అని, తన గదిలోంచి దిండు తెచ్చుకుని నా పక్కన పడుకుంది. అప్పుడే నిర్ణయించుకున్నాను. కొత్త కారుకి మా స్తోమత చాలదు. నాకు కావలసింది అందమైన కారు కాదు, రోజూ పొద్దున తాళం తిప్పగానే కదిలే కారు. దొరికితే ఇంట్లో ఉంటాను, దొరక్కపోతే ఆ ఊళ్ళో ఉంటాను. అప్పటికి డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకోవడం అయిపోయింది, లైసెన్సూ వచ్చింది.

మా వీధి చివర షెడ్డు ఉన్న మెకానిక్ సాయం వస్తానన్నాడు. నన్ను అక్కా అని, నాన్నని బాబాయ్ అని పిలుస్తాడు. పాత బండి ఎలా చూడాలో ముందే పాఠం చెప్పాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలట, మనం వెళ్ళేసరికే వేడిగా ఉంటే అనుమానించాలట. పొగ రంగు చూడాలట. టైర్లు ఒక పక్కే అరిగితే బండి ఎక్కడో గట్టిగా తగిలించుకుందని అర్థమట. మీటరు మాత్రం అసలు నమ్మొద్దట, దాన్ని వెనక్కి తిప్పడం చిటికెలో పనట. నేను పుస్తకంలో రాసుకున్నాను. పిల్లలకి నోట్సు రాయమని చెప్పీ చెప్పీ నాకూ అదే జబ్బు పట్టుకుంది.

నాన్న అంతా విని, "ఇన్ని ఎందుకురా అబ్బాయ్? మనిషి ఎక్కడ ఎక్కువ కూర్చుంటే అక్కడ గుంత పడుద్ది. గుంత ఎంతుంటే బండి అంత తిరిగినట్టు" అన్నాడు.

మెకానిక్ నా వైపు చూసి నవ్వాపుకున్నాడు. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

మొదటి కారు గుంటూరులోనే చూశాం. తెల్లటిది, తళతళలాడుతోంది. మీటరు ముప్పై ఎనిమిది వేలు చూపిస్తోంది. తన భార్య ఒక్కతే నడిపిందని, అది కూడా కూరగాయల మార్కెట్టుకి వెళ్ళి రావడానికేనని యజమాని చెప్పాడు. నాకు ఆ కారు చూడగానే నచ్చేసింది. నాన్న డ్రైవరు సీట్లో కూర్చున్నాడు, దిగాడు, మళ్ళీ కూర్చున్నాడు. కొత్త కవరు కిందకి చెయ్యి పోనిచ్చి తలుపు వైపు అంచు తడిమాడు. అంచు పూర్తిగా చితికిపోయి ఉంది. ఎక్కి దిగి, ఎక్కి దిగి అలా అవుతుందట. నాన్న కిందకి దిగి, ఎంతో మర్యాదగా, "ఆవిడ రోజుకి ఎన్నిసార్లు కూరగాయలకి వెళ్తారండీ?" అని అడిగాడు.

యజమాని గబగబా సీటు కవరు సర్దాడు. మెకానిక్ వంగి పెడళ్ళు చూశాడు. రబ్బర్ల మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. అది ఎన్నో ఏళ్ళు కిరాయికి తిరిగిన బండి అని ఆ వీధిలోనే ఇంకొకాయన చెప్పాడు. వస్తూ వస్తూ మెకానిక్ నాన్నకి టీ ఇప్పించాడు.

రెండో కారు ప్రత్తిపాడు వైపు ఊళ్ళో ఒక మిర్చి రైతుది. ఇంజను చక్కగా స్టార్ట్ అయింది, పొగ లేదు. నాన్న ముందు సీట్లు చూసి తలూపాడు. వెనక సీటు చూసి మాత్రం ఆలోచనలో పడ్డాడు. అది షోరూములోంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. పదేళ్ళుగా వెనక ఎవరూ కూర్చోలేదా అని ఆయన సందేహం. రైతు అదేమీ పట్టించుకోకుండా, ఏసీ బ్రహ్మాండంగా ఉంటుందండీ, వేసి చూడండి అని అద్దాలన్నీ ఎక్కించాడు. నేను ఏసీ వేశాను.

రంధ్రాల్లోంచి గాలితోపాటు మిరప ఘాటు వచ్చింది. ముందు నాకు దగ్గు, తర్వాత మెకానిక్‌కి తుమ్ములు, తర్వాత రైతుకీ దగ్గు. నలుగురం నాలుగు తలుపులూ తీసుకుని బయటపడి, కళ్ళు తుడుచుకుంటూ ఒకరినొకరం చూసుకున్నాం. వెనక సీటు తీసి పక్కన పెట్టి ఏళ్ళ తరబడి అక్కడ మిరపకాయ బస్తాలు, అదే టిక్కీలు, వేశారు. అందుకే దానికి గుంత పడలేదు. మెకానిక్ బండి వెనక భాగం నొక్కి చూస్తే అది కిందకి కూలబడే ఉంది. "ఒక్కసారే వేశామండీ" అన్నాడు రైతు దగ్గు మధ్యలో. ఆ మాటకి ఆయనకే నవ్వొచ్చింది. మంచి మనిషి, మజ్జిగ ఇచ్చి పంపాడు.

ఇక నాన్నని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. వీధిలో ఎవరు కనపడినా మీటరు అబద్ధం చెప్పుద్ది, సీటు చెప్పదు అని మొదలుపెట్టేవాడు. పక్కింటివాళ్ళ స్కూటర్ సీటు నొక్కి, వాళ్ళబ్బాయి కాలేజీకి కాకుండా ఇంకెక్కడికో ఎక్కువ తిరుగుతున్నాడన్నాడు. ఆ ఇంట్లో గొడవ అయింది. మెకానిక్ కూడా బాబాయ్ లేకుండా బండి చూడటానికి రానన్నాడు. నేనూ నోట్సు పుస్తకం పక్కన పెట్టేశాను.

మూడో కారు తాడేపల్లిలో, పాత బండ్లు కొని అమ్మే మనిషి దగ్గర దొరికింది. వెండి రంగుది, పదకొండేళ్ళది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మీటరు డెబ్భై వేలు దాటింది. మొదటి యజమాని ఎవరో, ఏం చేసేవాడో ఆ అమ్మే మనిషికి తెలియదు. తను ఇంకొకరి దగ్గర కొన్నాడట.

నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అరచేతులు రెండూ తొడల పక్కన ఆనించి మెల్లగా నొక్కాడు. అంచు తడిమాడు. ఎంతసేపటికీ దిగడు. చివరికి కళ్ళు తెరిచి, తాము చూసినవాటిలో ఇదే మేలైన బండి, దీన్ని ఎవరూ పెద్దగా వాడలేదు అన్నాడు. గుంత లేదు, అంచు చెదరలేదు, ఎడం పక్క కాస్త ఎత్తుగా, గట్టిగా ఉంది. ఇలాంటి సీటు ఈ రోజుల్లో కంపెనీవాళ్ళు కూడా వెయ్యడం లేదని మెచ్చుకున్నాడు.

మెకానిక్ ఒప్పుకోలేదు. ఇంజను శబ్దం బాగుందన్నాడు, పొగ లేదన్నాడు. కానీ గేరు రాడ్డు మీద అంకెలన్నీ చెరిగిపోయాయని, క్లచ్ మరీ పైకొచ్చి పడుతోందని, మీటరు మీద ఉన్నదానికి ఇది రెండింతలైనా తిరిగుంటుందని నా చెవిలో చెప్పాడు. నాన్న చెవులు బాగానే పనిచేస్తాయి.

"గేరు రాడ్డు చెప్పింది నమ్ముతావా, నేను చెప్పింది నమ్ముతావా?" అన్నాడు నాతో.

నేను ఆ సీట్లో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అక్కడే నా బుద్ధి పనిచేయడం మానేసింది. నిలబడి పాఠాలు చెప్పి చెప్పి ఎప్పుడూ నొప్పెట్టే నా నడుము, ఆ సీట్లో హాయిగా సర్దుకుంది. బడి తెరవడానికి ఇంక నాలుగు రోజులే ఉంది. రెండు బండ్ల దగ్గర నాన్న మాట నిజమైంది. కొనేశాను. మెకానిక్ మీ ఇష్టం అక్కా అని ఊరుకున్నాడు.

మొదటి రెండు నెలలు పండగే. ఏడున్నరకి తాళం తిప్పితే చాలు, బండి కదిలేది. సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉండి మా అమ్మాయికి లెక్కలు చెప్పేదాన్ని. బడిలో పిల్లలు భోజనాల వేళ కారు చుట్టూ చేరి అద్దాల్లో జుట్టు దువ్వుకునేవాళ్ళు. నాన్న రోజూ నేను వచ్చేసరికి గేటు దగ్గర ఉండి, బండి ఎలా ఉందని కాదు, సీటు ఎలా ఉందని అడిగేవాడు.

ఒకరోజు పొద్దున, హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాక బండికి ఏదో అయింది. ఇంజను గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. ఎంత తొక్కితే అంత అరుపు. ఏదో కాలిన వాసన. అటూ ఇటూ పత్తి చేలు, ముందురోజు వానకి నల్లరేగడి బురద. టైము ఎనిమిదిన్నర. మెకానిక్‌కి ఫోను చేస్తే శబ్దం వినిపించమన్నాడు. విని, క్లచ్ ప్లేటు పోయింది అక్కా, ఇంక తొక్కొద్దు, నేను వస్తున్నా అన్నాడు. ఆ రోజే చెప్పాను కదా అని అనలేదు. అనకపోయేసరికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పత్తిలో కలుపు తీయడానికి వెళ్తున్న ఆడవాళ్ళ ఆటో ఒకటి వెనకనే వచ్చింది. అందులో అప్పటికే పదిమంది ఉన్నారు. టీచరు గారు మధ్యదారిలో నిలబడిపోయారని వాళ్ళే సర్దుకుని, నన్ను ఒకామె ఒళ్ళో దాదాపు కూర్చోబెట్టుకున్నారు. దారి పొడుగునా నా కారు గురించే మాట్లాడుకున్నారు. పాత బండి అయితే మాత్రం ఏం, మా ఆయన కంటే నయమే, ఆయన పొద్దున అసలు లేవనే లేవడు అంది ఒకామె. వాళ్ళ పొలం దాటి మరీ నన్ను బడి దగ్గర దింపించారు. తొమ్మిదికి మూడు నిమిషాలు. ఫోనుకి ముఖం చూపిస్తే అది గుర్తుపట్టలేదు. ఆటో చక్రాలు చిమ్మిన బురద ముఖం నిండా ఉంది. పంపు దగ్గరికి పరిగెత్తి కడుక్కుని వచ్చి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంది. పిల్లలందరూ వరండాలో నిలబడి చూశారు. ఆ రోజు ఎవరినీ కోప్పడే ముఖం నాకు లేకపోయింది.

సాయంత్రానికి బండిని మెకానిక్ షెడ్డుకి లాక్కొచ్చారు. విప్పి చూసి, ప్లేటు కాగితంలా అరిగిందన్నాడు. ఈ బండి లక్షన్నర పైనే తిరిగింది, ఇది వాడని బండి కాదు, బాగా వాడిన బండి అన్నాడు. నాన్న పక్కనే నిలబడి విన్నాడు. ఇంటికొచ్చాక మా ఆయన మెల్లగా, ఆ ఊళ్ళో గది సంగతి ఒకసారి కనుక్కుందామా అన్నాడు. మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండా వింటోంది. ఆ తల చూసేసరికి నాలో ఉన్న కోపమంతా నాన్న మీదకి వెళ్ళింది.

"ఇంక మీరు ఏదీ చూసి చెప్పొద్దు నాన్నా. మీ సీటు పిచ్చికి నా ఉద్యోగం పోయేలా ఉంది."

ఆయన సరేనమ్మా అన్నాడు. అంతే. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషికి ఆయన చెయ్యి ఒక్కటే ఆస్తి, దాన్నే పనికిరాదన్నాను.

మర్నాడు బస్సూ ఆటో పట్టుకుని వెళ్ళి పదిహేను నిమిషాలు ఆలస్యంగా చేరాను. హెడ్మాస్టరు గారు మంచివారు, ఏమీ అనలేదు. కానీ ఫోను మంచిది కాదు, అది రాసుకుంది. సాయంత్రం బస్సు దిగి నేరుగా షెడ్డుకి వెళ్ళాను. అక్కడ నేల మీద గోనెపట్టా పరిచి, దాని మీద నా కారు డ్రైవరు సీటు పెట్టుకుని నాన్న కూర్చుని ఉన్నాడు. కవరు విప్పేసి ఉంది. ఆయన చేతిలో గుప్పెడు దూది. తనని మోసం చేసిన సీటు సంగతేమిటో చూద్దామని పొద్దున్నే వచ్చి విప్పించాడట. మెకానిక్ ఒక మూల స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"పొద్దుట్నుంచి నవ్వుతానే ఉన్నా అక్కా. ఇంక ఓపిక లేదు. నువ్వే అడుగు బాబాయ్‌ని" అన్నాడు.

నాన్న ఆ సీటు అడుగున ఒక ముడి చూపించాడు. పరుపుకైనా దిండుకైనా ఆయన దారం మూడు చుట్లు తిప్పి, ముడి వేసి, కొస లోపలికి తోసేస్తాడు. ఆ ముడి మా ఇంట్లో ప్రతి పరుపుకీ ఉంది. చిన్నప్పుడు నిద్రపట్టక నేను వేలితో తడిమి లెక్కపెట్టుకున్న ముడి అది.

"ఇది నేను కుట్టిందేనమ్మా" అన్నాడు. "అరిగిన ఫోము మీద దూది పొర వేసి, ఎవరికీ తెలియకుండా కుట్టా. ఎంత బాగా కుట్టానంటే, నాకే తెలియలా."

ఆ ముఖంలో సిగ్గు ఎంతుందో గర్వమూ అంతే ఉంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక గోనెపట్టా మీద కూలబడ్డాను. ముందు నవ్వే వచ్చింది. నన్ను చూసి నాన్న, ఆయన్ని చూసి ఓపిక అయిపోయిందన్న మెకానిక్ కూడా నవ్వడం మొదలుపెట్టారు.

నవ్వులు అయ్యాక నాన్నకి ఆ సీటు మనిషి గుర్తొచ్చాడు. పేరు కాదు, ఆయనకి ఎవరి పేరూ గుర్తుండదు, నడుములే గుర్తుంటాయి. పొడుగాటి మనిషి, ఎడం తుంటి నొప్పి. రోజూ అద్దంకి వెళ్ళి రావాలి సాయిబూ, నడుము పడిపోతోంది, ఎడం పక్క కాస్త ఎత్తు చెయ్యి అని అడిగాడట. అందుకే ఎడం పక్క ఎత్తు. అందుకే నా నడుముకి అంత హాయి. రోజూ అద్దంకి అంటే నేను వెళ్ళే దారే, ఇంకా ముందుకి. ఈ బండి ఆ దారిలో నా కంటే ముందు ఏళ్ళ తరబడి తిరిగింది.

మెకానిక్ అది విని నవ్వు ఆపేసి లేచాడు. ఇంజను మూత ఎత్తి మళ్ళీ ఒకసారి చూశాడు. రోజూ ఒకే దారిన, ఒకే చేతిలో నడిచిన బండి కాబట్టే ఇంజను ఇంత బాగుందన్నాడు. రోజూ పనికెళ్ళే మనిషికి జబ్బులు తక్కువ, బండికీ అంతేనన్నాడు. షెడ్డులో మూసిపెట్టిన బండి మీటరు తక్కువ చూపిస్తుందిగాని, రబ్బర్లన్నీ ఎండిపోయి ఉంటాయట. "చెప్పు అరిగితే మార్చుకుంటాంగాని కాలు తీసేసుకోం గదక్కా. క్లచ్ వేస్తా. నీ బడి సంగతి ఈ బండి చూసుకుంటది" అన్నాడు.

క్షమించండి అనే మాట మా ఇంట్లో అలవాటు లేదు. వెళ్ళి వేడి వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చి నాన్న పక్కన పెట్టాను. ఆయన దూది చేతులు చొక్కాకి తుడుచుకుని, పొట్లంలోంచి పెద్దది తీసి నాకు ఇచ్చాడు.

సీటు మళ్ళీ కుట్టేటప్పుడు ఈసారి ఎర్ర దారం వాడాడు. బూడిద రంగు కవరు మీద ఎర్ర కుట్లు ఆమడ దూరానికి కనపడుతున్నాయి. అందంగా లేదు నాన్నా అన్నాను. రేపు దీన్ని కొనేవాడెవడైనా చూసి, ఇదేంటని అడగాలి, అడిగితే నువ్వు నిజం చెప్పాలి అన్నాడు. ఆ కుట్లు చూసి మా హెడ్మాస్టరు గారు మీ నాన్నగారికి చూపు తగ్గిందా అని అడిగారు. చూపు బాగానే ఉందండీ అన్నాను.

క్లచ్ వేశాక బండి మళ్ళీ ఆగలేదు. కార్తీకంలో మంచుకి ఆగలేదు, సంత రోజు గేదెల మధ్య ఆగలేదు, మిరప కోతలప్పుడు టిక్కీల ట్రాక్టర్ల వెనక పాకుతూ వెళ్ళిన రోజుల్లోనూ ఆగలేదు. కలుపు ఆడవాళ్ళ ఆటో ఎదురైతే అందరూ చెయ్యి ఊపేవాళ్ళు. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. ప్రతి సాయంత్రం నేను దాని పక్కన ఉన్నాను. గది మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడు నాన్న దబ్బనం పట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. సీటుకి ఏడాది కావస్తోంది, ఒకసారి చూస్తానన్నాడు. నేను చూసి చెప్పొద్దన్నాక ఆయన ఏదైనా చూస్తాననడం అదే మొదటిసారి. నేను తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆయన కూర్చోలేదు. వంగి అరచెయ్యి పెట్టి, వెనక వైపు నొక్కాడు, మధ్యలో నొక్కాడు, ముందు అంచు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అంచు పొడుగునా రెండు మూడుసార్లు చెయ్యి పోనిచ్చాడు.

"వెనక దూది వేసింది వేసినట్టే ఉంది. ముందే ఇంత నలిగిందేంటమ్మా?" అన్నాడు. "ఏడాదంతా సీటు చివరే కూర్చుని నడిపావా?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పత్తి చేల మధ్య ఆగిపోయిన రోజు తర్వాత, ప్రతి పొద్దునా హైవే దిగగానే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. ఇంజను చప్పుడు కొంచెం మారినా ఇక ఆగిపోతుందనుకునేదాన్ని. వీపు సీటుకి ఆనించకుండా, స్టీరింగు మీదకి వంగి, తొమ్మిది కిలోమీటర్లూ అలాగే నడిపేదాన్ని. బడి కనపడ్డాకే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇంట్లో మాత్రం బండి బ్రహ్మాండం అనే చెప్పేదాన్ని. మా ఆయనకి తెలియదు, పక్కన కూర్చుని లెక్కలు చేసుకున్న నా కూతురికి తెలియదు. కారు తలుపు పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను. నలభై రెండేళ్ళ టీచర్ని, వీధిలో అందరూ చూస్తుండగా.

నాన్న ఓదార్చలేదు. ఎర్ర కుట్లు రెండు విప్పి, సంచిలోంచి దూది తీసి, చేత్తో విడదీసి ముందు అంచున పొరగా పరిచాడు. మళ్ళీ కుట్టి, మూడు చుట్లు తిప్పి ముడి వేసి, దారం కొరికాడు. సీటు ఒకసారి తట్టి, నన్ను కూర్చోమన్నాడు.

"ఇంక వెనక్కి ఆనుకుని కూర్చోమ్మా. బండి మంచిదే, నేను చూశాగా."